బిల్లులో మన వాటా ఎంత?

పెద్దవాళ్ల పేరు మీద ఆరోగ్య బీమా ఉంటుంది. ఏటా ప్రీమియం కడుతూనే ఉంటారు. అయినా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి లక్షలు చేజారిపోతాయి. అవి ఎక్కడెక్కడ పోతున్నాయో, వాటిలో ఎంతవరకు ఆపుకోవచ్చో చెప్పే కథనం ఇది.

"అప్రూవల్ వచ్చిందండీ" అని ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరి అమ్మాయి చెప్పగానే ఇంటిల్లిపాదీ తేలికపడతారు. పావుగంటలో బిల్లింగ్ కౌంటర్ నుంచి పిలుపు. "మీరింకా లక్షన్నర కట్టాలి అంకుల్." పాలసీ చూస్తే ఐదు లక్షలది. బిల్లు మూడున్నర లక్షలే. మరి ఈ లక్షన్నర ఎక్కడిది?

ఒక బిల్లు తీసుకుని లెక్క వేద్దాం. బిల్లు మన ఊహే కానీ అందులోని కోతలు మాత్రం వృద్ధుల పాలసీల్లో తరచూ కనిపించేవే. అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ మాస్టారు ఆపరేషన్ కోసం ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన పాలసీ ప్రకారం గది అద్దె బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000 దాటకూడదు. పైగా 20 శాతం కో-పే, అంటే క్లెయిములో ఐదో వంతు ఆయనే పెట్టుకోవాలి. చూడ్డానికి వచ్చేపోయేవాళ్లు ఉంటారు, కాస్త విశాలంగా ఉంటే బాగుంటుందని పిల్లలు 8,000 గది తీసుకున్నారు. రోజుకు మూడు వేలే కదా తేడా, అది మనమే పెట్టుకుందాం అనుకున్నారు.

ఆరు రోజుల గది అద్దె 48,000. సర్జన్, మత్తు డాక్టరు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కలిపి 1,60,000. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 1,20,000. గ్లవ్స్, మాస్కులు, డైపర్ల వంటి బీమా చెల్లించని సామాను 22,000. అంతా కలిపి 3,50,000.

ఇప్పుడు కోతలు చూడండి. గది అద్దెలో 30,000కే అనుమతి, 18,000 పోయింది. ఇది పిల్లలు ఊహించిందే. ఊహించనిది ఆ తర్వాతది. అర్హతకు మించిన గది తీసుకున్నారు కాబట్టి డాక్టర్ల ఫీజులు, థియేటర్ ఛార్జీలు కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకు తగ్గిపోతాయి. 1,60,000లో కంపెనీ లక్షే లెక్కలోకి తీసుకుంటుంది. ఇంకో 60,000 పోయాయి. సామాను 22,000 మొత్తం పోయింది. మిగిలింది 2,50,000. అందులో 20 శాతం కో-పే 50,000. చివరికి కంపెనీ ఇచ్చింది రెండు లక్షలు, మాస్టారు కట్టింది లక్షన్నర.

ఆయనే 5,000 గదిలో చేరి ఉంటే? కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలావాటిలో డాక్టరు ఫీజు కూడా గది స్థాయిని బట్టే మారుతుంది. అదే నిష్పత్తిలో తగ్గిందనుకుంటే గదికి 30,000, డాక్టర్లకు లక్ష, మందులకు 1,20,000, సామానుకు 22,000, మొత్తం బిల్లు 2,72,000 అయ్యేది. కంపెనీ ఇచ్చేది అప్పుడూ రెండు లక్షలే. మాస్టారి వాటా మాత్రం 72,000తో సరిపోయేది. పద్దెనిమిది వేలతో పోతుందనుకున్న గది మోజుకు పడిన అసలు ధర 78,000!

ఈ కోతకు కొంత హద్దు ఉంది. మందులు, వినియోగ సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చును గది అద్దె నిష్పత్తిలో తగ్గించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఐసీయూ ఛార్జీలకూ ఈ కోత వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలే వర్తించదు. క్లెయిము సెటిల్‌మెంట్ లెటర్‌లో మందుల మీదా పరీక్షల మీదా ఈ కోత కనిపిస్తే అక్కడే అడగాలి. అడిగేవాళ్లు తక్కువ. డిశ్చార్జ్ హడావుడిలో ఆటో ఎక్కి ఇంటికెళ్లిపోవాలనే ఉంటుంది ఎవరికైనా.

ఈ బిల్లుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పెద్దవాళ్ల బీమా ఖర్చు అనగానే అందరి చూపూ ప్రీమియం మీదే. ఎవరు తక్కువకిస్తారు, ఏ యాప్‌లో డిస్కౌంటు ఉంది అని వెతుకుతాం. ప్రీమియం ఏటా కంటికి కనిపించే ఖర్చు. కో-పే, గది పరిమితి, సబ్‌లిమిట్లు (ఒక్కో చికిత్సకు విడిగా పెట్టే పరిమితులు) మంచాన పడ్డాక కనిపించే ఖర్చు. మొదటిది తగ్గించుకోవడానికి రెండోదాన్ని పెంచుకుంటున్నాం. రెండూ ఒకే జేబులోంచి పోతాయన్నది మరిచిపోతున్నాం.

ఏటా పది శాతం

అలాగని ప్రీమియం చిన్న విషయం కాదు. పింఛను పెరగదు, ప్రీమియం ఆగదు. ఒకే ఏడాదిలో యాభై, అరవై శాతం పెంచారని గగ్గోలు పుట్టాక 2025 జనవరి 30న ఐఆర్‌డీఏఐ ఆదేశమిచ్చింది. అరవై ఏళ్లు దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా తమను సంప్రదించాలని చెప్పింది. వృద్ధుల పాలసీలను మార్కెట్ నుంచి తీసేయాలన్నా అదే షరతు.

మంచి ఆదేశమే. కానీ పది శాతాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అరవై రెండేళ్ల వయసులో 40,000 కడుతున్న దంపతులకు ఏటా పది శాతం చొప్పున పెరిగితే డెబ్బై ఏళ్లు వచ్చేసరికి అది 85,000 దాటుతుంది. చక్రవడ్డీ మనకు లాభంగా పనిచేసే చోట్లు తక్కువ, ఇలాంటి చోట్లే ఎక్కువ.

అసలైన ఊరట పన్ను రూపంలో వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీలకు జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది. 40,000 ప్రీమియం మీద 7,200 మిగిలినట్టే. ఫ్యామిలీ ఫ్లోటర్లకూ, సీనియర్ సిటిజన్ పాలసీలకూ ఇది వర్తిస్తుంది. గ్రూప్ పాలసీలకు మాత్రం వర్తించదు. సంఘాల ద్వారా, బ్యాంకు రిటైరీల గ్రూపుల ద్వారా బీమా తీసుకున్నవారు దీన్ని గమనించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. జీఎస్టీ పోవడంతో కంపెనీలకు తాము కట్టిన పన్నును సర్దుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ కూడా పోయింది. ఆ భారం మూల ప్రీమియంలోకి జారే వీలుంది. అందుకే కొత్త రెన్యువల్ నోటీసు పక్కన పాతది పెట్టి, పన్ను తీసేసిన అంకెతో అంకె పోల్చుకోవాలి.

ఇల్లంతటికీ కలిపి ఒకే ఫ్లోటర్ తీసుకోవడం మన ఇళ్లలో మామూలు. అమ్మానాన్న, కొడుకు, కోడలు, పిల్లలు అందరూ ఒకే పాలసీలో ఉంటారు. కలిసి ఉండటం కుటుంబానికి బాగుంటుంది కానీ ప్రీమియానికి కాదు. ఫ్లోటర్‌లో లెక్కంతా సాధారణంగా అందరికంటే పెద్ద వయసు మీద నడుస్తుంది. నాన్నగారి డెబ్బై ఏళ్ల ధర మిగతా అందరి మీదా పడుతుంది. ఆయనకు ఒక పెద్ద ఆపరేషన్ జరిగితే ఆ ఏడాది మిగతావాళ్లకు పాలసీలో పెద్దగా ఏమీ మిగలదు. పెద్దవాళ్లకు విడిగా తీసుకోవడమే మేలు.

ఏది కోయాలి, ఏది కోయకూడదు

ప్రీమియం తగ్గించుకోవడానికి కంపెనీలు నాలుగు దారులు చూపిస్తాయి. కో-పే ఒప్పుకోవడం, గది పరిమితి ఒప్పుకోవడం, బీమా మొత్తం తగ్గించుకోవడం, డిడక్టబుల్ పెట్టుకోవడం. నాలుగూ ఒకటి కావు.

కో-పేకు పైహద్దు ఉండదు. రెండు లక్షల క్లెయిముకు 20 శాతమంటే 40,000. పది లక్షల క్లెయిముకు రెండు లక్షలు. జబ్బు ఎంత పెద్దదైతే మన వాటా అంత పెరుగుతుంది. బీమా ఎందుకు తీసుకున్నామో దానికి సరిగ్గా వ్యతిరేకం ఇది. అరవై దాటాక కొత్తగా తీసుకునే పాలసీల్లో కో-పే తప్పించుకోవడం అన్నిసార్లూ సాధ్యం కాదు, నిజమే. కొన్నిటిలో 30 శాతం వరకూ ఉంటుంది. కానీ అదనపు ప్రీమియం కడితే కో-పే తీసేసే అవకాశం ఎన్నో పాలసీల్లో ఉంది. ఆ అదనం ఎంతో అడిగి, ఒక మోస్తరు ఆపరేషన్ బిల్లులో మీ వాటా ఎంతవుతుందో పక్కన రాసుకుని చూడండి.

డిడక్టబుల్ అలా కాదు. అది ముందే తెలిసిన అంకె. మొదటి ఐదు లక్షలు నావి, ఆ పైది మీది అని ఒప్పందం. ఈ సూత్రం మీదే సూపర్ టాప్‌అప్ పాలసీలు నడుస్తాయి. ఇరవై లక్షల సాధారణ పాలసీ కంటే, ఐదు లక్షల మామూలు పాలసీ మీద పదిహేను లక్షల సూపర్ టాప్‌అప్ బాగా చవక. ఇక్కడ టాప్‌అప్‌కూ సూపర్ టాప్‌అప్‌కూ తేడా తెలియకపోతే దెబ్బతింటారు. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ప్రతిసారీ నాలుగు లక్షలు అయిందనుకుందాం. మూల పాలసీ ఐదు లక్షల దాకా ఇస్తుంది. మిగిలిన మూడు లక్షలకు మామూలు టాప్‌అప్ పైసా ఇవ్వదు. అది ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది, ఏ బిల్లూ ఐదు లక్షలు దాటలేదు కదా. సూపర్ టాప్‌అప్ ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది, ఆ మూడు లక్షలూ ఇస్తుంది. ఏజెంటు "టాప్‌అప్ ఉందండీ" అన్నప్పుడు అది ఏ టాప్‌అప్పో అడగాలి.

సబ్‌లిమిట్ల సంగతి కంటి శుక్లంతో తెలిసిపోతుంది. అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవని 2020లో వచ్చింది. అందులో శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000, రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కౌన్సెలర్ ఖరీదైన లెన్సు పేరు చెప్పగానే పరిమితి దాటిపోతుంది. గది అద్దె రెండు శాతం, గరిష్ఠంగా 5,000. కో-పే మాత్రం ఐదు శాతమే. ఈ పాలసీని తీసిపారేసేవారు చాలామంది. కో-పే ఎక్కువున్న కొన్ని సీనియర్ పాలసీల కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

"షుగర్ ఉందని రాయకండి"

అన్నింటికంటే ఖరీదైన పొదుపు ఇది. ఫారం నింపేటప్పుడు "బీపీ, షుగర్ అని రాస్తే లోడింగ్ (అదనపు ప్రీమియం) వేస్తారు, లేదంటే పాలసీయే ఇవ్వరు, వదిలేయండి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అందరు ఏజెంట్లూ అలాంటివాళ్లు కారు. కానీ ఆ సలహా వింటే ఏమవుతుందో ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే తేలిపోతుంది. డ్యూటీ డాక్టరు వచ్చి "ఎన్నేళ్ల నుంచి షుగర్?" అంటారు. "పదేళ్ల నుంచండీ, మందులు వాడుతున్నారు" అని అమ్మాయో అబ్బాయో నిజాయతీగా చెప్తారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. బీమా కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే. కట్టిన ప్రీమియాలు, రావాల్సిన క్లెయిము రెండూ పోతాయి.

నిజం చెప్పినందుకు పడే శిక్ష ఇప్పుడు బాగా తగ్గింది. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం 2024 నిబంధనలతో నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు దిగింది. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం అని రుజువు చేస్తే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిము తిరస్కరించకూడదు. అంతకుముందు ఇది ఎనిమిదేళ్లు. 65 దాటినవారికి కొత్త పాలసీ ఉండదన్న అడ్డూ 2024 ఏప్రిల్ నుంచి తొలగింది. అయితే అడ్డు తొలగిందంటే అమ్మొచ్చని అర్థం, అమ్మి తీరాలని కాదు. వైద్య పరీక్షలు చేయించి కాదనే హక్కు కంపెనీకి అలాగే ఉంది.

అందుకే పాత పాలసీ నచ్చకపోతే ఆపేసి కొత్తది తీసుకోవద్దు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి దరఖాస్తు చేస్తే, పాత కంపెనీలో గడిపిన కాలం పాత బీమా మొత్తం మేరకు కొత్త కంపెనీలోనూ లెక్కలోకి వస్తుంది. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పాతది వదలకూడదు. కొత్త పాలసీ చేతికొచ్చాక కూడా, నచ్చకపోతే తిప్పి ఇచ్చేయడానికి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. ఆ నెలలో ఒక ఆదివారం కూర్చుని చదివితే చాలు.

డెబ్బై దాటాక

నీతి ఆయోగ్ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలోని వృద్ధుల్లో ఆరోగ్య బీమా ఉన్నవారు దాదాపు 18 శాతమే. అదే ఏడాది అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. డెబ్బై ఏళ్లు నిండితే చాలు, ఆదాయంతో పని లేదు. ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షల దాకా చికిత్స. ప్రీమియం లేదు, కో-పే లేదు, ముందే ఉన్న జబ్బులకు వేచి చూడటం లేదు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవారైతే ఆ ఐదు లక్షలు ఇద్దరివీ. ఇప్పటికే ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న కుటుంబమైతే ఇంట్లోని పెద్దవాళ్ల కోసం మరో ఐదు లక్షలు కలుస్తాయి.

ప్రైవేటు బీమా ఉన్నవారికి ఇది రాదన్న అపోహ చాలా ఇళ్లలో ఉంది. వస్తుంది. ఈఎస్ఐ ఉన్నా వస్తుంది. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ వంటి కేంద్ర పథకాల్లో ఉన్నవారు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆధార్‌లో వయసే ఆధారం కాబట్టి అక్కడ పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది సరిచేయించుకోవాలి. మన పెద్దవాళ్లలో ఎందరి పుట్టినరోజు జనవరి 1, జులై 1 అని ఉంటుందో తెలిసిందే. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లో కూర్చునే ఈ-కేవైసీ చేయొచ్చు. హెల్ప్‌లైన్ 14555.

దీనికంటే ఎంతో ముందునుంచీ తెలుగువారికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రెండు రాష్ట్రాల్లోనూ 104కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో చెబుతారు.

మరి ఇవన్నీ ఉన్నప్పుడు ప్రైవేటు పాలసీకి ఎనభై వేలు ఎందుకు కట్టాలి? చాలామంది పిల్లలు అడిగే ప్రశ్న ఇది. నా జవాబు, వదలొద్దనే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులన్నీ ప్రభుత్వ పథకాల జాబితాలో ఉండవు. ఉన్నా అన్ని చికిత్సలకూ ఉండవు. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బకాయిలు చెల్లించలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం చూశాం. ఆ వారంలో గుండెపోటు వస్తే కార్డు చూపించి ఏం లాభం? పైగా డెబ్బై రెండేళ్ల వయసులో వదిలేసిన పాలసీ మళ్లీ దొరకదు.

వదలకుండానే ప్రీమియం తగ్గించుకోవచ్చు. తేదీ చూసుకుని చేయించుకునే ఆపరేషన్లకు ప్రభుత్వ పథకం కార్డు వాడుకోవాలి. ముందుగా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్లి మీకు చెప్పిన చికిత్స ప్యాకేజీల్లో ఉందో లేదో కనుక్కోవాలి. అర్ధరాత్రి వచ్చే ప్రమాదానికి, జాబితాలో లేని ఆసుపత్రికి ప్రైవేటు పాలసీ ఉంచుకోవాలి. అప్పుడు ఆ పాలసీలో కో-పే లేకుండా చూసుకుని, బీమా మొత్తాన్ని మధ్యస్థంగా ఉంచి, పైన సూపర్ టాప్‌అప్ పెట్టుకుంటే భారం సగానికి రాకపోయినా మోయగలిగేంతకు వస్తుంది.

ఎవరూ గుర్తుచేయని హక్కు ఇంకొకటి ఉంది. జీడిమెట్ల, పటాన్‌చెరు, నాచారం, గాజువాక ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవారి కోసం చెబుతున్నా. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కింద ఉండి పదవీ విరమణ చేసినవారు, వారి భార్య లేదా భర్త, ఏడాదికి 120 రూపాయలు కట్టి ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు కాదు, ఏడాదికే. రిటైరయ్యాక ఈఎస్ఐ కార్డు ట్రంకు పెట్టెలో పడేసినవారు ఎందరో. సింగరేణి రిటైరీలకు సీపీఆర్‌ఎంఎస్ అనే వైద్య పథకం ఉంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితమే. వయసైన తల్లిదండ్రుల కోసం అప్పు చేసేముందు ఈ తలుపులన్నీ తట్టాలి. నిమ్స్‌లో ఎల్‌ఓసీ కోసం, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఆఫీసు మెట్లెక్కడం మనకు అలవాటే. అక్కడ దయ కోసం నిలబడాలి. ఈఎస్ఐ, సీపీఆర్‌ఎంఎస్ వంటివి హక్కుగా అడగొచ్చు.

పిల్లల కంపెనీ పాలసీ

మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగాలు చేసే పిల్లల ఇళ్లలో మాట వేరు. "అమ్మానాన్నల్ని మా కంపెనీ పాలసీలో పెట్టేశాం" అంటారు. గ్రూప్ పాలసీలో పాత జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. అదొక వరం. ఆ వరం ఉద్యోగం ఉన్నంతకాలమే. ఒక ఈ-మెయిల్‌తో ఉద్యోగం పోయిన రోజున నాన్నగారి బీమా కూడా పోతుంది. అప్పుడాయనకు అరవై తొమ్మిది, ఒక స్టెంట్, పదేళ్ల షుగర్. ఎవరిస్తారు పాలసీ?

గ్రూప్ కవరేజీ ఉన్న రోజుల్లోనే పెద్దవాళ్ల పేరు మీద విడిగా ఒక పాలసీ మొదలుపెట్టాలి. దాని మూడేళ్ల నిరీక్షణ కాలం గ్రూప్ పాలసీ నీడలో గడిచిపోతుంది. రెండు ప్రీమియాలు భారమనుకుంటే, గ్రూప్ పాలసీ మొత్తాన్నే డిడక్టబుల్‌గా పెట్టి సూపర్ టాప్‌అప్ తీసుకోవచ్చు. ఉద్యోగం మారుతున్నప్పుడు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఇవ్వమని, కవరేజీ ఆగకముందే, రాతపూర్వకంగా అడగాలి. హెచ్‌ఆర్ వాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఇక్కడి తల్లిదండ్రుల ప్రీమియం కట్టే పిల్లలకు ఒకే మాట. పాలసీ పోర్టల్‌లో మీ విదేశీ ఫోన్ నంబరొక్కటే ఇవ్వకండి. క్యాష్‌లెస్ ప్రశ్నలు, ఓటీపీలు అక్కడి అర్ధరాత్రి వస్తాయి. ఇక్కడ ఫోనెత్తే మనిషి నంబరు కూడా నమోదై ఉండాలి.

మంచం ఎక్కని జబ్బు

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం చేతి నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4కు తగ్గింది. తగ్గిన తర్వాత కూడా ఇంత! అందులో పెద్ద భాగం ఆసుపత్రి మంచానిది కాదు, మందుల షాపుది. బీమా మాత్రం చాలావరకు మంచం ఎక్కితేనే పలుకుతుంది.

బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ మందులకు ఇద్దరికీ కలిపి నెలకు 2,500 అవుతోందనుకుందాం. ఏడాదికి 30,000. జన ఔషధి కేంద్రాల్లో ఇదే రసాయనం బ్రాండు ధరలో సగానికి, కొన్నిసార్లు ఐదో వంతుకే దొరుకుతుంది. సగమే తగ్గిందనుకున్నా 15,000 మిగులుతాయి. ఎన్ని పాలసీలు తిరగేసినా ప్రీమియంలో ఇంత తగ్గింపు దొరకదు. చీటీ మీద బ్రాండు పేరు ఉంటే మందు పేరు రాసివ్వమని డాక్టరుగారినే అడగండి. మార్చాక ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోండి. పీహెచ్‌సీల్లో, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో ఈ జబ్బులకు మందులు ఉచితంగానే ఇస్తారు. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకునే రిటైర్డ్ ఆఫీసర్లు నాకు తెలుసు. ఆ నామోషీకి ఏడాదికి ఎంత కడుతున్నారో వాళ్లే లెక్క వేసుకోవాలి.

బీమా ఇచ్చేవి కూడా మనం అడగడం మానేసిన సందర్భాలున్నాయి. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజులు, అదే జబ్బుకు సంబంధించిన పరీక్షలు, మందులు, డాక్టరు ఫీజులు చాలా పాలసీలు చెల్లిస్తాయి. కొన్నిటిలో ఇంకా ఎక్కువ రోజులు. క్యాష్‌లెస్ అయిపోయింది కదా అని ఆ బిల్లులు చెత్తబుట్టలో వేస్తాం. వాటికి విడిగా రీయింబర్స్‌మెంట్ క్లెయిము పెట్టాలి. ఆంజియోగ్రామ్‌కు ముందు చేయించిన పరీక్షలు, తర్వాతి రెండు నెలల మందులు కలిపితే చిన్న మొత్తం కాదు.

ఆంజియోగ్రామ్ అన్నాం కాబట్టి స్టెంట్ మాట కూడా. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు కళ్లెం వేసింది. లక్ష దాటి అమ్మిన మందు పూత స్టెంట్లను దాదాపు 30 వేలకు దించింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకూ పరిమితి పెట్టింది. బిల్లులో స్టెంట్ ధర విడిగా కనిపించాలి.

పన్ను సంగతి క్లుప్తంగా. పాత పన్ను విధానంలో ఉన్నవారికి అరవై దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు ఉంది. ఆ పెద్దవాళ్లకు బీమాయే లేకపోతే, వాళ్ల వైద్య ఖర్చునే అంతవరకు చూపించుకోవచ్చు. నగదుగా ఇచ్చింది చెల్లదు. ఫార్మసీలో యూపీఐతో కట్టి బిల్లు అడగడమే తేడా. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఇదేమీ లేదు.

కాదన్నప్పుడు

2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై కంపెనీ గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఛార్జీ వేస్తే అది కంపెనీయే భరించాలి. ఏ క్లెయిమునైనా కంపెనీలోని సమీక్షా కమిటీ చూడకుండా తిరస్కరించకూడదు. తిరస్కరించినా, కోత పెట్టినా పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాతలో చెప్పాలి. "టీపీఏ వాళ్లు రిజెక్ట్ చేశారండీ" అన్న నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. (టీపీఏ అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ.)

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వారికి ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో, ఏసీ గార్డ్స్ ప్రాంతంలో ఉంది. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, అసలు లాయర్లను అనుమతించరు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరమే లేదన్న తిరస్కరణలకు, ఆసుపత్రి ఛార్జీ మామూలు కంటే ఎక్కువన్న కోతలకు ఎదురు చెప్పాలంటే చికిత్స చేసిన డాక్టరు ఇచ్చిన ఒక లేఖ చాలా బలమిస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ తీసుకునే రోజునే, డాక్టరుగారు ఎదుట ఉండగానే, దాన్ని అడిగి రాయించుకోవాలి. అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే, 30 రోజుల్లో అమలు చేయాల్సిందే. పాలసీదారుడికి మాత్రం ఆ బంధం లేదు. తీర్పు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది.